అడిగే మనిషి

ఆయన పోయారన్న కబురు నాకు ఆఫీసులో తెలిసింది. మా మండలాఫీసు సూపరింటెండెంటు గారు నా బల్ల దగ్గరికి వచ్చి, గొంతు తగ్గించి, "ఏమ్మా, నీకు ఉద్యోగం వేయించినాయన పొద్దున పోయారంట. వెళ్ళిరా. సెలవు చీటీ తర్వాత ఇవ్వచ్చులే" అన్నారు.

"ఆయన నాకు ఉద్యోగం వేయించలేదండీ" అన్నాను.

సూపరింటెండెంటు గారు నా వైపు జాలిగా చూశారు. దుఃఖంలో మనిషి ఏదో ఒకటి అంటుందిలే అనుకున్నట్టున్నారు.

ఊళ్ళో అందరూ అదే అనుకుంటారు. ఎమ్మెల్యే గారి అర్జీలు టైపు కొట్టిన సాయిబుల అమ్మాయికి ఎమ్మెల్యే గారే ఉద్యోగం వేయించారని. అనుకోవడంలో తప్పు లేదు, లోకంలో జరిగేది అదే కాబట్టి. కానీ ఆయన నా కోసం ఒక్క అక్షరం రాసివ్వలేదు. అడిగితే, నా ముఖం మీదే కుదరదన్నారు. ఆ సంగతే నేను చెప్పాలి.

ఆయన పేరు రాయను. మా వైపు నుంచి రెండుసార్లు అసెంబ్లీకి వెళ్ళారు, మూడోసారి ఓడిపోయారు. ఏ సంవత్సరం పుట్టారో, ఎంత చదువుకున్నారో నాకు తెలియదు. ఆయనా చెప్పలేదు, నేనూ అడగలేదు.

గుంటూరు నుంచి మాచర్ల పోయే చిన్న రైలు దారిలో మాదొక బస్తీ. మా నాన్నది మెయిన్ బజారులో గడియారాలు బాగుచేసే కొట్టు. ముందు భాగంలో ఆయన కంటికి భూతద్దం బిగించుకుని కూర్చునేవాడు. మధ్యలో పచ్చగుడ్డ తెర. తెర వెనక నేను, ఒక పాత తెలుగు టైపు మిషను. తెరకి ఇవతల టకటకలు, అవతల టిక్కుటిక్కులు. కొట్టు పైన పెంకుల్లో ఒక గాజుపలక ఉండేది. మధ్యాహ్నం పూట దానిలోంచి దిగిన ఎండ తెర మీద పడి, నా గది అంతా నీళ్ళ అడుగున ఉన్నట్టు పచ్చగా కదిలేది.

ఆయన ఆ వేళకే వచ్చేవారు, మంగళవారాల్లో. రెండు దాటితే మా బజారులో ఆకు కదలదు. నాపరాళ్ళ లారీ ఒకటి వెళ్ళిపోయాక, అది లేపిన తెల్లటి దుమ్ము కిందికి దిగడం మరిచిపోయినట్టు ఎండలో అలాగే నిలబడి ఉండేది. ఆ దుమ్ములోంచి ముందు పంచె కనిపించేది, తర్వాత భుజం మీది తువ్వాలు, తర్వాత మనిషి. పొడుగాటి మనిషి, కొంచెం ముందుకి వంగి, ఎవరో చిన్నగా మాట్లాడుతుంటే వింటున్నట్టు నడిచేవారు. జీపు ఉండేది గానీ, అది ఎప్పుడూ ఏదో ఊరి నుంచి ఎవరినో గుంటూరు ఆసుపత్రికి తీసుకుపోతూ ఉండేది. ఆయన బస్సులో వచ్చేవారు.

వచ్చీ రాగానే చేతి గడియారం విప్పి మా నాన్న ముందు పెట్టేవారు.

"దీని సంగతి చూడు మస్తాన్ భాయ్."

"బాగానే నడుస్తుంది గదయ్యా."

"నడుస్తుందిలే. నేనీడ ఉన్నంతసేపూ నీ కాడ ఉండనీ. చేతికుంటే నన్ను లాగుద్ది."

తర్వాత మంచినీళ్ళు. ఒక గుక్క తాగి, నోట్లో కాసేపు ఉంచుకుని, "స్టేషను బావియి గదా?" అనేవారు. ఒక్కసారి కూడా తప్పలేదు. తన ఇలాకాలో ఏ ఊరి బావి ఎలాంటిదో ఆయన నాలుకకి తెలుసు. "ఈ పక్క తీపి. వెల్దుర్తి అవతల కొండ పక్కకి పోతే, ఆ నీళ్ళు పిల్లల పళ్ళు తింటయ్ అమ్మాయ్. పదేళ్ళ పిల్లోడు నవ్వొస్తే మూతికి చెయ్యి అడ్డం పెట్టుకుంటాడు" అని ఒకరోజు అన్నారు. గ్లాసు కింద పెట్టి, "ఆ మాటే కొట్టు. ఇంకేం వద్దు" అన్నారు. బోరింగు కోసం మేం పంపిన అర్జీ ఆ మాటతోనే మొదలైంది.

అర్జీ చెప్పేటప్పుడు కళ్ళు మూసుకునేవారు. మొదటిసారి నిద్రపోయారేమోనని కంగారుపడ్డాను. కాసేపటికి, "బస్సు దిగా" అన్నారు.

నేను వేళ్ళు మీటల మీద పెట్టాను.

"కొట్టమాకు. ఇంకా ఊరు రాలా." కళ్ళు మూసుకునే చెయ్యెత్తారు. "ఎడం పక్క కందిచేలు. దారంతా గులకరాళ్ళు. ఈడ ఒక ముసలామె కట్టెలమోపు దించుకుని కూసుంది. ఏందవ్వా అంటే, కాళ్ళు పడిపోయినయ్ నాయనా అంది... ఇదుగో వాగు. ఇప్పుడు మోకాల్లోతే. వానలప్పుడు మనిషి మునుగుద్ది. అవతల గట్టు మీద బడి కనపడతంది. పిల్లలంతా అవతల, పంతులు ఇవతల. చేతులూపుకుంటన్నారు." కళ్ళు తెరిచారు. "ఆఁ, ఇప్పుడు కొట్టు."

ఆయన ఇలా నడుస్తుంటే నేను కూడా వెనకాలే నడిచేదాన్ని. బురఖా వేసుకుని స్టేషను దాకా, పండక్కి కారంపూడిలో మా పెద్దమ్మ ఇంటి దాకా తప్ప నేను ఊరు దాటి ఎరగను. ఆయన అర్జీలు కొట్టిన మూడేళ్ళలో ఆ పచ్చటి ఎండలో కూర్చునే ఎన్ని వాగులు దాటానో, ఎన్ని మిరపచేల గట్ల మీద నడిచానో. ఆయన వెళ్ళిపోయాక చాలాసేపు నాకు బజారు చప్పుడు వినిపించేది కాదు. ఏదో ఊళ్ళో మేకల మెడగంటలు వినిపించేవి.

ఊరు ఆయనది, సర్కారు భాష నాది. "ఆ 'విన్నవించుకొనునది' గట్రా నువ్వేసుకో, నాకు రాదు" అనేవారు. ఒకసారి నేను 'ప్రజలు నానా ఇబ్బందులు పడుచున్నారు' అని కొట్టాను. ఆయన వేలితో ఆ లైను కింద గీశారు.

"నానా ఏందమ్మాయ్? నానా ఇబ్బందుల్ని ఆఫీసరు ఎప్పుడన్నా చూశాడా? బాలెంతని మంచం మీద మోసుకుని వాగు దాటిచ్చారు అని కొట్టు. మంచం కనపడుద్ది ఆయనకి."

కాగితం తీసి మళ్ళీ కొట్టాను. ఇవాళ్టికీ ఆఫీసులో 'నానా' అన్న మాట టైపు చెయ్యాల్సి వస్తే నా వేళ్ళు ఒక క్షణం ఆగుతాయి.

ఆయన కోసం వచ్చినవాళ్ళు మా కొట్టు ముందు బెంచీ మీద కూర్చునేవాళ్ళు. ఎవరేం చెప్పినా చివర్లో ఆయన అనే మాట ఒక్కటే: "అడుగుతా." చేయిస్తా అని ఆయన నోట నేను వినలేదు. ఒకసారి ఒక పెద్ద రైతుకి కోపమొచ్చింది.

"ఓట్లేసింది చేయిస్తావని గానీ అడుగుతావని కాదయ్యా."

"చేసేది సర్కారు బాబాయ్. నేను అడిగేవాణ్ణి. చేయిస్తానని నేనంటే నువ్వు ఇంటికి పోయి నిమ్మళంగా పడుకుంటావ్. అడుగుతానన్నా అనుకో, అడిగావా లేదా అని వారం వారం వచ్చి నా చొక్కా పట్టుకుంటావ్. అదే నీకు మంచిది."

ఆయన్ని ఓడించాలనుకున్నవాళ్ళు 'అడుక్కునే ఎమ్మెల్యే' అని పేరు పెట్టారు. మా నాన్న నొచ్చుకుని ఆ మాట ఆయన చెవిన వేశాడు. ఆయన పెద్దగా నవ్వారు. "నిజమే గదా భాయ్. బిచ్చగాడే నయం, రోజుకో ఇంటికి పోతాడు. నేను ఒక్క ఇంటికే పదిసార్లు పోవాలి."

అప్పుడు తాలూకా ఆఫీసులో ఒక టైపిస్టు ఉద్యోగం పడింది. తాత్కాలికమే. టైపు పరీక్ష పాసైన సర్టిఫికెట్టు ఉండాలి, నాకు లేదు. పని రాక కాదు. పరీక్ష గుంటూరులో పెడతారు, పొద్దున ఎనిమిదింటికి. ముందురోజే వెళ్ళి ఎక్కడో ఒకచోట ఉండాలి. "పెళ్ళి కావాల్సిన పిల్ల, ఊరు కాని ఊళ్ళో ఎవరింట్లో ఉంచేది?" అని మా నాన్న ఒప్పుకోలేదు. అయితే ఎమ్మెల్యే రాసిస్తే సర్టిఫికెట్టు లేకపోయినా తీసుకుంటారని ఆఫీసులో ఎవరో చెప్పారు.

నోరు తెరిచి అడగడానికి నాకు సిగ్గేసింది. ఒక పని చేశాను. నా పేరు మీద నేనే ఒక సిఫారసు ఉత్తరం కొట్టాను. 'ఈమె పనిమంతురాలు, పేద కుటుంబము' అని. ఆ మంగళవారం ఆయన సంతకం పెట్టాల్సిన అర్జీల మధ్యలో దాన్ని పెట్టాను. ఆయన నేను కొట్టినవి చదవరని నాకు తెలుసు. ఊరి పేరు ఉన్నచోట వేలు పెట్టి, ఆ ఊరిని ఒక్కసారి తలుచుకున్నట్టు ఆగి, సంతకం చేసేవారు.

ఒకటి. రెండు. మూడు. నాలుగోదాని మీద వేలు అటూ ఇటూ తిరిగింది.

"ఇది ఏ ఊరమ్మాయ్?"

"ఊరు కాదండీ. నేను."

ఆయన మొత్తం చదివారు. కోపం రాలేదు. కలానికి మూత పెట్టారు. ఆ మూత బిగిసిన చప్పుడు నాకు మా నాన్న గడియారాలన్నిటికంటే గట్టిగా వినిపించింది.

"నేను మనుషులకి రాయను తల్లీ. ఊళ్ళకే రాస్తా."

"ఎందుకండీ?"

"ఒకసారి రాశా." తెర వైపు చూస్తూ చెప్పారు. "గెలిచిన కొత్తలో. హాస్టల్లో వంటమనిషి పని ఉంటే, మా ఊరామెకి రాసిచ్చా. వచ్చింది. చానా సంతోషపడ్డా. నెల తిరక్కుండా ఇంకొకామె మా ఇంటికొచ్చింది. భర్త లేడు, ఇద్దరు పిల్లలు. లిస్టులో తన పేరే ముందుందంట. తిట్టలా, ఏడవలా. మంచినీళ్ళు అడిగింది. తాగింది, చెంబు కింద పెట్టింది, పోయింది. తర్వాత కనుక్కుంటే, పిల్లల్ని తీసుకుని నాపరాళ్ళ గనికి పనికి పోయిందన్నారు. నేను రాసిన కాయితంలో ఆమె పేరే లేదమ్మాయ్. కానీ ఆమెని కొట్టేసింది ఆ కాయితమే."

ఇప్పుడైతే ఆ మాటలకి నేను తల వంచుకుంటాను. అప్పుడు నాకు ఇరవై మూడేళ్ళు. మూడేళ్ళుగా ఆయన ఊళ్ళన్నిటినీ మోసిన వేళ్ళు నావి.

"ఎవరో ఒకామె చెంబు కింద పెట్టి పోయిందని నన్ను ఆపుతారా? ఊళ్ళో వాళ్ళందరికీ అడుగుతారు, నాకు మాత్రం అడగరా?"

"ఖైరున్నీసా!" అని మా నాన్న తెర అవతల నుంచి కేకేశాడు.

నేను ఆగలేదు. "అయితే మీ అర్జీలు ఇక వేరేచోట కొట్టించుకోండి."

ఆయన సంతకం చేసినవి మడిచి సంచిలో పెట్టుకున్నారు. నా ఉత్తరం బల్ల మీదే ఉంది, కింద సంతకం చోటు తెల్లగా. ఆయన మా నాన్న దగ్గర గడియారం తీసుకోవడం మరిచిపోయి వెళ్ళిపోయారు. మా నాన్న దాన్ని పట్టుకుని బజారు చివరిదాకా పరుగెత్తాడు. తిరిగొచ్చి రెండ్రోజులు నాతో మాట్లాడలేదు.

ఉద్యోగం ఎవరికో వచ్చింది. మంగళవారాలు వచ్చి పోయాయి. పచ్చటి ఎండ తెర మీద పడి, కాసేపు కదిలి, గోడెక్కి పోయేది. నేను కోపంగా ఉన్నాననే అనుకున్నాను. కానీ రెండు దాటేసరికి చేతులు వాటంతటవే ఆగేవి, దుమ్ములోంచి ఎవరైనా వస్తున్నారా అని.

రెండు నెలలకి కొండ పక్క ఊరి మనిషి ఒకతను వచ్చి ఒక కాగితాల కట్ట నా ముందు పెట్టాడు.

"ఎమ్మెల్యే గారు ఇయ్యమన్నారక్కా. ఆయన చేతిరాత ఎవురూ చదవలేకపోతన్నారంట. ఇష్టమైతేనే కొట్టమన్నారు."

అంత వంకర రాత నేనెక్కడా చూడలేదు. కానీ చదువుతుంటే గొంతు వినపడింది. మొదటిది బస్సు గురించి. రెండోది బోరింగు గురించి, మూడోసారి. మూడోది ఇలా ఉంది:

'బస్సు దిగా. స్టేషను బావి దాటా. మెయిన్ బజారు. గడియారాల కొట్టు. కొట్టు వెనక గుడ్డ తెర. తెర వెనక ఒక ఆడపిల్ల. చేతిలో పని ఉంది, కాయితం లేదు. కాయితం ఇచ్చే పరీక్ష గుంటూరులో. పంపటానికి తండ్రికి భయం. ఆయన భయం తప్పని నేననలేను. ఇట్టాంటి పిల్లలు ఈ ఊళ్ళో ఇంకెంతమంది అని టైపు మాస్టారిని అడిగా. మొత్తం పన్నెండు మంది. పిల్లలు గుంటూరు పోలేరు గనక, పరీక్షే ఇక్కడికి రావాలి.'

కింద వేరే సిరాతో: 'మిగతాది అమ్మాయి వేసుకుంటుంది.'

వచ్చినతను నా ముఖం చూసి, "ఏందక్కా, చదవటానికి రాటల్లా?" అన్నాడు.

"వస్తుంది" అన్నాను.

ఆ రోజు ఒక్క పేజీ కొట్టడానికి నాకు సాయంత్రం దాకా పట్టింది. 'ఒక ఆడపిల్ల' అన్నచోట కళ్ళు మసకబారి రెండుసార్లు తప్పు కొట్టాను. ఎక్కడా నా పేరు లేదు. ఉండి ఉంటే నేను అంతగా ఏడ్చేదాన్ని కాదేమో.

తర్వాత ఎన్నికలొచ్చాయి. వేరే అభ్యర్థి వాగు మీద వంతెన వేయిస్తానని కొబ్బరికాయ కొట్టాడు. ఈయన అడుగుతానన్నారు. ఓడిపోయారు.

ఓడిపోయాక రెండో మంగళవారం దుమ్ములోంచి పంచె కనిపించింది. నేను లేచి నిలబడ్డాను. ఆయన గడియారం విప్పి మా నాన్న ముందు పెట్టారు, నీళ్ళు తాగారు, స్టేషను బావి అన్నారు, తెర వెనక కూర్చున్నారు. మధ్యలో ఏమీ జరగనట్టే. అర్జీ చెప్పారు. కింద అలవాటుగా 'శాసనసభ్యులు' అని కొట్టేశాను.

"ముందు 'మాజీ' పడలా" అన్నారు.

కాగితం తీసి, చోటు చూసి, ఆ రెండక్షరాలు ఇరికించాను. ఆయన వంగి చూశారు. "బాగానే పట్టిందే!" అని సంబరపడ్డారు.

టైపు పరీక్ష కాగితం పట్టుకుని ఆయన హైదరాబాదు నాలుగుసార్లు వెళ్ళారు. ఎమ్మెల్యేగా ఉన్నప్పుడు కుర్చీ వేసినవాళ్ళే ఇప్పుడు వరండాలో నిలబెట్టారని మా నాన్నతో చెప్పారు. ఆ వరండా ఎంత చల్లగా ఉందో చెప్పారు గానీ, బాధపడ్డట్టు చెప్పలేదు. పరీక్షలు పెట్టే ఆఫీసు వాళ్ళు పెద్ద హాలు కావాలన్నారు. ఆయన బాలికల హైస్కూలు పెద్దపంతులమ్మ గారిని అడిగారు. మిషన్లకి తగిన ఎత్తు బల్లలు కావాలన్నారు. వడ్రంగి బజారుకెళ్ళి అడిగారు. తాలూకాలు పోయి మండలాలు వచ్చాయి. ఆ మరుసటి ఎండాకాలం, పరీక్ష మా ఊరికి వచ్చింది.

ఆ ఉదయం మా బజారులో ఎవరూ చూడని వింత జరిగింది. టైపు మిషన్లు రిక్షాలెక్కి ఊరేగాయి. మిషనుకి దుప్పటి చుట్టి, పక్కన ఆడపిల్ల కూర్చుని, పడిపోకుండా చంటిబిడ్డని పట్టుకున్నట్టు రెండు చేతులతో పట్టుకుని. మా నాన్న నా రిక్షా పక్కనే నడిచాడు. స్కూలు గేటు దగ్గర వాచ్‌మన్ ఒక రెక్క మాత్రం తెరిచి, పరీక్ష రాసేవాళ్ళని ఒక్కొక్కరినే లోపలికి పంపుతున్నాడు. కొత్త మనిషి, మాకంటే ముందే వచ్చి ఉన్న మాజీ ఎమ్మెల్యే గారిని ఎరగడు. "హాల్ టికెట్టు లేనోళ్ళు బయటే" అన్నాడు. ఆయన "సరే నాయనా" అని గోడ నీడలో నిలబడ్డారు.

ఉదయం ఆరుగురం, మధ్యాహ్నం ఆరుగురు. గంట కొట్టగానే ఆరు మిషన్లూ ఒక్కసారి మొదలయ్యాయి. ఎండిన ఊళ్ళో రేకుల కప్పుల మీద వాన పడ్డట్టు. నా వేళ్ళు ఎక్కడికో వెళ్ళిపోయాయి. ప్రశ్నపత్రంలో ఏముందో నాకు ఇప్పుడు గుర్తు లేదు. ఆ చప్పుడు గుర్తుంది, దానిలో నాది ఏదో తెలియకపోవడం గుర్తుంది.

బయటికి వచ్చేసరికి ఆయన అక్కడే ఉన్నారు.

"ఆ రోజు నేను అట్టా అనకుండా ఉండాల్సింది, సారూ" అన్నాను. ఏడాదిన్నరగా లోపల పెట్టుకున్న మాట.

"నువ్వు అడగటం తప్పు కాదమ్మాయ్. అడిగినోళ్ళని నేనెట్టా తప్పు పడతా?" అన్నారు. అంటూనే గేటు వైపు చూస్తున్నారు. మధ్యాహ్నం రాయాల్సినవాళ్ళు వేపచెట్టు కింద మిషన్లు దించుకుని కూర్చున్నారు. ఆయన వేలితో లెక్కపెట్టారు. "ఐదుగురే ఉన్నారే?"

టైపు మాస్టారు దగ్గరికి వచ్చారు. "ఆ ఆరో అమ్మాయి రాదండీ. మొన్ననే కాపరానికొచ్చింది. కోడలు పదిమందిలో కూర్చుని పరీక్ష రాయటమేందని అత్తగారు వద్దన్నదంట. పదకొండు మంది అయినా పర్లేదు, సెంటరు ఉంచుతామని ఆఫీసరు గారు చెప్పారు లెండి."

"సెంటరు సంగతి కాదు మాస్టారూ. ఆ పిల్లది ఏ ఇల్లు?"

"నూనెమిల్లు వెనక సందు. కానీ ఈ ఎండలో..."

ఆయన తువ్వాలు నెత్తిన వేసుకుని అప్పటికే రోడ్డెక్కారు.

పన్నెండున్నర అయింది. ఒంటిగంట అయింది. నేను ఇంటికి పోకుండా వేపచెట్టు కిందే కూర్చున్నాను. రోడ్డు మీద ఎండ నీళ్ళలా పారుతోంది. ఆ నీళ్ళలో సైకిళ్ళు తేలుతూ వచ్చి, దగ్గరికి వచ్చాక సైకిళ్ళవుతున్నాయి.

అక్కడేం జరిగిందో ఆ అమ్మాయి నాకు తర్వాత చెప్పింది, మేమిద్దరం ఉద్యోగాల పరీక్షకి కలిసి పోతున్న రైల్లో. ఆయన వాళ్ళ అరుగు మీద కూర్చుని మంచినీళ్ళు అడిగారట. తాగి, నీళ్ళు బాగున్నాయన్నారట. పరీక్ష రాయనివ్వమని అత్తగారిని అడగనేలేదట. "మీ కోడలికి రిక్షా దొరకలేదంట గదమ్మా, మాస్టారు చెప్పాడు. మిషను ఎవురు మోస్తారని పిల్ల ఇబ్బంది పడతందేమో. నేను మోస్తాలే, దగ్గరే గదా" అన్నారట. ఆవిడ ఆయన ముఖంలోకి చాలాసేపు చూసిందట. తర్వాత లోపలికి తిరిగి, "ఏమే, చీర మార్చుకోవే. పెద్దాయన ఎంతసేపని కూసుంటాడు?" అందట.

రెండింటి పరీక్షకి ఇంకా పావుగంట ఉంది. రోడ్డు చివర ఎండలో తెల్లగా ఏదో కదిలింది. మనిషో, దుమ్మో తెలియలేదు. కాసేపటికి పంచె అయింది. భుజం మీద మడత పెట్టిన తువ్వాలు, తువ్వాలు మీద దుప్పటి చుట్టిన మిషను, ఒక చేత్తో దాన్ని పట్టుకుని, ఇంకో చేత్తో పంచె కుచ్చెళ్ళు ఎత్తిపట్టుకుని, అరవై దాటిన మనిషి చిన్నచిన్న అడుగులు గబగబా వేసుకుంటూ వస్తున్నారు. పక్కన కొత్త చీరలో ఆ అమ్మాయి, ఆయన అడుగుతో అడుగు కలపలేక సగం నడుస్తూ సగం పరుగెత్తుతూ. వాళ్ళ వెనక పదడుగుల దూరంలో, కొంగు నెత్తిన కప్పుకుని, అత్తగారు.

వాచ్‌మన్ లేచి నిలబడ్డాడు. హాల్ టికెట్టు అడగలేదు. గడియ తీసి, గేటు రెండు రెక్కలూ బార్లా తెరిచాడు.